దవాఖానకూ దవాఖానకూ నడుమ దారి ఎవరిది?

2024 అక్టోబర్ ఆఖరి వారం. పత్తి మొదటి ఏరుడు నడుస్తోంది. తెల్లవారుజామున నాలుగున్నరకు వరి మడికి మోటరు పెట్టడానికి లేచిన మా అన్న వాకిట్లోనే కూలబడ్డాడు. మా అన్న కొడుకు ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నాడు: "చిన్నబాపూ, బాపు నోరు ఒంకరపోయింది, జల్ది రా."

నేను పోయేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్ద ముద్దగా వస్తోంది. 108కు ఫోన్ చేశాం. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, బండి తొందరగానే వచ్చింది. అందులోని పిల్లగాడు బీపీ, షుగర్ చూసి, "ఎన్ని గంటలకు పడ్డడు పెద్దాయన?" అని అడిగి చేతి మీద టైము రాసుకున్నాడు. ఆ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో నాకు అప్పుడు తెలియదు.

అయిదుంబావుకు దగ్గరి పట్టణంలో ఒక దవాఖానలో దించారు. 108 పని అక్కడికి అయిపోయింది. మా కష్టం అక్కడి నుంచి మొదలైంది.

అక్కడి డాక్టరు చూసి, "పక్షవాతం. తల స్కాన్ తీసి, రక్తం గడ్డ అయితే నాలుగున్నర గంటల్లోపల ఇంజక్షన్ ఇయ్యాలె. మా దగ్గర ఆ ఏర్పాటు లేదు, పెద్ద ఊరికి తీసుకపోండి" అన్నాడు. ఎట్లా పోవాలి అంటే గేటు బయట నిలబడ్డ బండ్ల దిక్కు చూపించారు. రెండు బండ్లు ఉన్నాయి, ఒక్క డ్రైవరూ లేడు. ఫోన్లు చేసి, బతిమిలాడి, 4,500 రూపాయలకు ఒప్పించేసరికి ఆరు ముప్పావు. ఎనిమిదిన్నరకు పెద్ద ఊరు చేరాం. స్కాన్ అయింది. రక్తం గడ్డే అన్నారు. నరాల డాక్టరు ఆ రోజు లేడన్నారు. అప్పటికి తొమ్మిది దాటింది. అంటే నాలుగున్నర గంటలు దాటాయి.

"హైదరాబాద్ తీసుకపోండి."

మళ్లీ గేటు బయటికి. మళ్లీ బేరం. "అన్నా, వచ్చేటప్పుడు ఖాళీగ రావాలె, రెండు దిక్కుల డీజిల్ నాదే గదా" అన్నాడు డ్రైవరు. 14,000 అడిగాడు. ఆక్సిజన్‌కు 2,000 వేరే. ఆక్సిజన్ ఉందా అని అడిగాం, ఉంది అన్నాడు. ఎంత ఉంది అని మేము అడగలేదు. బండిలో డ్రైవరు తప్ప మనిషి లేడు. సెలైన్ సీసా మా అన్న కొడుకు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. సిద్దిపేట దాటాక సిలిండరు ముల్లు కింద పడింది. రోడ్డు పక్కన ఒక చిన్న దవాఖాన వాళ్లు దయ తలచి సిలిండరు మార్చి ఇచ్చారు. ఆ మనిషి పేరు కూడా అడగలేదు, ఇప్పటికీ గుర్తు చేసుకుంటాను.

రెండు గంటలకు హైదరాబాద్ చేరితే మొదటి దవాఖానలో మంచం లేదు. రెండో దవాఖానలో నాలుగు గంటలకు చేర్చుకున్నారు. పొద్దున నాలుగున్నరకు పడ్డ మనిషికి సాయంత్రం నాలుగింటికి చికిత్స మొదలైంది.

మా అన్న బతికాడు. అందుకు సంతోషమే. కానీ కుడి చెయ్యి రాలేదు. నలభై ఏండ్లు నాగలి, గొర్రు, కొడవలి పట్టిన చెయ్యి అది. ఇప్పుడు గులాబు ముద్ద కూడా ఎడమ చేత్తోనే తింటున్నాడు అనుకోకండి, మా వదిన తినిపిస్తోంది.

ఇది మా ఇంటి ఏడుపు చెప్పుకోవడానికి రాయడం లేదు. మన సంఘం సభ్యులతో మాట్లాడితే ప్రతి ఊళ్లో ఇటువంటి కథ ఒకటి ఉంది. ఒకరికి పాము కాటు, ఒకరికి మందు కొడుతుంటే విషం ఎక్కడం, ఒకరికి మోటరు దగ్గర కరెంటు షాక్, ఒకరికి కాన్పులో రక్తం పోవడం. రోగం వేరు, దారి ఒక్కటే. కమాన్‌పూర్ నుంచి గోదావరిఖని లేదా పెద్దపల్లి, అక్కడి నుంచి కరీంనగర్ లేదా వరంగల్, అక్కడి నుంచి హైదరాబాద్. ప్రతి చోటా బండి మారుతుంది, బేరం మారుతుంది, గంటలు కరుగుతాయి. నేను అడిగేది ఒక్కటే ప్రశ్న. దవాఖానలో చేసే చికిత్సకు ఎవరో ఒకరు బాధ్యులు ఉన్నారు. ఒక దవాఖాన నుంచి ఇంకో దవాఖానకు పోయే ఆ దారికి ఎవరు బాధ్యులు?

ఉన్న పథకాలు ఎక్కడ ఆగుతున్నాయి

108 సేవ ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. లక్షల మంది ప్రాణాలు కాపాడిన సేవ అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు. కానీ దాని మొదటి పని ప్రమాదం జరిగిన చోటి నుంచి దగ్గరి దవాఖానకు చేర్చడం. సర్కారు దవాఖాన వాళ్లు పైకి పంపితే 108లో తీసుకుపోయే ఏర్పాటు కూడా ఉంది. అయితే ఒక మండలంలో ఉన్న బండి హైదరాబాద్ పోయి వచ్చిందంటే ఆ రోజంతా ఆ మండలానికి బండి లేనట్టే. మన రోగి పోయిన బండి కోసం ఇంకో ఊళ్లో ఇంకో రోగి ఎదురు చూడాలి. కాబట్టి తప్పు 108 సిబ్బందిది కాదు. దూరం పోయే బండ్లు వేరుగా లేకపోవడం అసలు లోటు.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ 9 నుంచి పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. మంచిదే. కానీ ఆ కార్డు దవాఖాన గడప దాటాక పనికొస్తుంది. గడప దాకా పోవడానికి గేటు బయటి డ్రైవరుకు ఆ కార్డు చూపిస్తే నవ్వుతాడు.

రైతుబీమా 2018 ఆగస్టు నుంచి ఉంది. 18 నుంచి 59 ఏండ్ల లోపు పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు వస్తాయి. మా అన్నకు అప్పుడు 57 ఏండ్లు. ఆ దారిలో చనిపోయి ఉంటే మా వదినకు 5 లక్షలు వచ్చేవి. బతికించుకోవడానికి బండి కిరాయి 20,500 మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఈ మాట రాస్తుంటే నాకే చేదుగా ఉంది, కానీ లెక్క అదే.

ఆ 20,500 అంటే ఎంత? ఆ ఏడు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. తేమ, కోత లేకుండా మద్దతు ధరకే అమ్మితే పావు తక్కువ మూడు క్వింటాళ్ల పత్తి. మా చేనులో ఆ ఏడు ఎకరానికి ఆరు క్వింటాళ్లు దిగింది. విత్తనాలు, ఎరువులు, మందులు, ఏరిన కూలీలు అన్నీ పక్కన పెట్టినా దాదాపు అరెకరం పంట ఒక్క పూటలో రోడ్డు మీద కరిగిపోయింది. కౌలు రైతుకు, కూలికి ఇది ఎంత బరువో చెప్పాల్సిన పని లేదు.

మన పక్కనే ఇంకో ఏర్పాటు ఉంది

మనం బొగ్గు గనుల నడుమ బతుకుతున్నాం. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర సర్కారుది, 49 శాతం కేంద్రానిది. అంటే అది మన సొమ్ముతో నడిచే సంస్థ. గోదావరిఖనిలో ఏరియా ఆస్పత్రి ఉంది, కొత్తగూడెంలో ప్రధాన ఆస్పత్రి ఉంది. కార్మికుడికి ఇక్కడ కాని వైద్యం అవసరమైతే పై దవాఖానకు పంపే పద్ధతి ఉంది. దీన్ని చూసి కుళ్లుకోవద్దు. కార్మికులు సంఘం పెట్టుకుని, సమ్మెలు చేసి సాధించుకున్న హక్కు అది. మన ఊళ్లలో సగం ఇండ్లకు గనితో చుట్టరికం ఉంది, అన్న గనిలో ఉంటే తమ్ముడు చేనులో ఉంటాడు.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరిలో గనికి పోయినవాడికి పైదాకా పోయే దారి ఉంది. గని కోసం భూమి ఇచ్చి, పేలుళ్లకు గోడలు పగిలి, దుమ్ము మింగి, ఓపెన్‌కాస్టు గుంతల చుట్టూ తిరిగి పోతున్న రైతుకు ఆ దారి లేదు. మన కళ్ల ముందే కాజీపేట లైను మీద బొగ్గు రైళ్లు రాత్రింబవళ్లు పోతున్నాయి. బొగ్గు ఎప్పుడు ఎక్కాలి, ఎక్కడ దిగాలి అని ఒక కంట్రోల్ రూము చూసుకుంటుంది. ప్రాణం పోతున్న మనిషి ఎక్కడ దిగాలో చెప్పే మనిషి లేడు.

మా అన్న విషయంలో బండి కంటే పెద్ద నష్టం ఇదే. పొద్దున అయిదుంబావుకే ఎవరైనా ఒక ఫోన్ మీద, స్కాన్, నరాల డాక్టరు, ఖాళీ మంచం మూడూ ఈ ఊళ్లో ఉన్నాయి, సూటిగా అక్కడికి పోండి అని చెప్పి ఉంటే మేము రెండు చోట్ల గంటలు పోగొట్టుకునే వాళ్లం కాదు. 2022 నవంబర్ 15న రామగుండం, మంచిర్యాల, జగిత్యాలతో కలిపి ఎనిమిది సర్కారు మెడికల్ కాలేజీలు ఒక్క రోజే మొదలయ్యాయి. మన చుట్టూ పెద్ద దవాఖానలు పెరిగాయి. ఏ రోజు ఏ దవాఖానలో ఏ డాక్టరు ఉన్నాడో ముందే చెప్పే ఏర్పాటు లేకపోతే ఆ భవనాలు చీకట్లో తలుపుల లాంటివే, వెతుక్కుంటూ తట్టాలి.

ఈ హక్కు ఒక కూలీల సంఘం సాధించింది

మనం కొత్తగా ఏమీ అడగడం లేదు. ఈ విషయం చాలా మందికి తెలియదు కాబట్టి వివరంగా చెబుతాను.

1992 జూలైలో పశ్చిమ బెంగాల్లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. అక్కడ ఏర్పాట్లు లేవు. అక్కడి నుంచి కలకత్తాలో ఒక సర్కారు దవాఖాన తర్వాత ఇంకోటి తిప్పారు. ఒక చోట మంచం లేదు, ఇంకో చోట తగిన వైద్యం లేదు. చివరికి ప్రైవేటు దవాఖానలో చేరి సుమారు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకున్నాడు. ఆ మనిషి పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి సభ్యుడు. పేరులోనే ఉంది, అది వ్యవసాయ కూలీల సంఘం. సంఘం అతన్ని వదిలిపెట్టలేదు, సుప్రీంకోర్టు దాకా పోయింది.

1996 మే 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అత్యవసరంలో సర్కారు దవాఖానలు చికిత్స ఇవ్వకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమే అంది. 25,000 రూపాయల పరిహారం ఇమ్మంది. అంతటితో ఆగలేదు. ప్రాథమిక కేంద్రంలోనే మొదటి వైద్యం చేసి రోగిని నిలబెట్టాలి అంది. జిల్లా, సబ్ డివిజన్ దవాఖానలు పెంచాలి అంది. ఏ దవాఖానలో మంచం ఖాళీ ఉందో తెలుసుకుని రోగిని సూటిగా అక్కడికే పంపే కేంద్రీకృత సమాచార వ్యవస్థ ఉండాలి అంది. ప్రాథమిక కేంద్రం నుంచి జిల్లా దవాఖానకు, జిల్లా నుంచి రాష్ట్ర స్థాయి దవాఖానకు అంబులెన్సు ఏర్పాటు ఉండాలి, ఆ అంబులెన్సులో పరికరాలు, వైద్య సిబ్బంది ఉండాలి అని కూడా అంది. పైసలు లేవు అనే సాకు చెల్లదంది. మిగతా రాష్ట్రాలు కూడా ఈ దిశలో చర్యలు తీసుకోవాలంది.

మా అన్న పోయిన దారిని పక్కన పెట్టి ఆ తీర్పును చదివితే, ఆయన పడ్డ రోజుకు 28 ఏండ్ల ముందే మా కోసమే రాసినట్టు ఉంటుంది. ప్రతి చోటా అందులో చెప్పింది లేదు. హక్కు కాగితం మీద ఉంది, దాన్ని రోడ్డు మీదికి దింపే పని మిగిలింది. ఆ పని సంఘాలదే.

డ్రైవర్లు మన శత్రువులు కారు

2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆస్పత్రిలో ఒక పిల్లవాడు చనిపోతే, అక్కడి అంబులెన్సు వాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక, ఊరి నుంచి తక్కువ కిరాయికి వచ్చిన బండిని వాళ్లు ఆపితే, తండ్రి కొడుకు శవాన్ని బైకు మీద పెట్టుకుని సుమారు 90 కిలోమీటర్లు పోయాడు. దేశమంతా చూసిన విషయం. అప్పుడు అందరూ డ్రైవర్లను తిట్టారు. ఆ పని తప్పే. కానీ ఆ డ్రైవర్లు కూడా ఎవరో రైతు, కూలి కొడుకులే. అప్పు తెచ్చి బండి కొంటారు, నెల నెలా కిస్తీ కట్టాలి, రోజుల తరబడి గేటు ముందు ఖాళీగా ఉండాలి, పోయినప్పుడు ఖాళీగా తిరిగి రావాలి. ధర నిర్ణయించే పద్ధతి లేనప్పుడు ఎదుటి మనిషి భయాన్ని బట్టి ధర నిర్ణయమవుతుంది. మార్కెట్ యార్డులో మద్దతు ధర లేకపోతే మన గతి ఏమవుతుందో ఇక్కడ రోగి గతి అదే అవుతుంది.

ధర నిర్ణయించడం కుదరని పని కాదు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్‌లో, అంబులెన్సులకు న్యాయమైన ధరలు నిర్ణయించాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. 2021 మేలో ఢిల్లీ ప్రభుత్వం నిర్ణయించి చూపించింది. రోగిని మామూలుగా తీసుకుపోయే బండికి మొదటి 10 కిలోమీటర్లకు 1,500, ఆక్సిజన్ లాంటి మామూలు ఏర్పాట్లున్న బండికి 2,000, వెంటిలేటర్ లాంటివి ఉన్న పెద్ద బండికి డాక్టరుతో కలిపి 4,000, ఆపైన కిలోమీటరుకు 100 రూపాయలు. అదే నెలలో ఆంధ్ర నుంచి వచ్చే రోగుల అంబులెన్సులను మన రాష్ట్ర సరిహద్దులో ఆపితే, మన హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. అంటే కష్టకాలంలో ధర కూడా పెట్టొచ్చు, దారి కూడా తెరవొచ్చు. మామూలు రోజుల్లో ఎందుకు కుదరదు?

పైసలు ఎక్కడివి అంటారు

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబు మన కాళ్ల కిందనే ఉంది.

2015లో గనుల చట్టాన్ని సవరించి గనులున్న జిల్లాల్లో జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టు పెట్టమన్నారు. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం ఆ నిధి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే గని సంస్థ తాను కట్టే రాయల్టీకి అదనంగా, అందులో 30 శాతానికి సమానమైన మొత్తం ట్రస్టుకు కట్టాలి. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం. లెక్క తేలికగా చేద్దాం. టన్ను బొగ్గు ధర 3,000 అనుకుందాం. రాయల్టీ 420. అందులో 30 శాతం 126 రూపాయలు. ఒక గూడ్సు రైలులో 3,500 టన్నులు పోయిందనుకుంటే ట్రస్టుకు 4 లక్షల 41 వేలు. మనం చేనులో నిలబడి చూస్తుండగా పోయే ఒక్క రైలు లెక్క ఇది.

ఆ నిధిని ముందుగా ఖర్చు పెట్టాల్సిన రంగాల్లో తాగునీరు, చదువులతో పాటు వైద్యం కూడా ఉంది. మరి గనుల పక్క ఊరి రోగిని హైదరాబాద్ చేర్చే నాలుగు బండ్లు పెట్టడానికి ఆ నిధి ఎందుకు పనికిరాదు? సీసీ రోడ్లు, ప్రహరీ గోడలు వద్దని నేను అనను. రోడ్డు మీద పోవడానికి బండి కూడా కావాలి అంటున్నాను.

అప్పటిదాకా మనం చేసుకోవాల్సినవి

సర్కారు చేసేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం. మా అనుభవంలో నేర్చుకున్నవి నాలుగు చెబుతాను. ఈ పేజీ చింపి గోడకు అతికించుకున్నా తప్పు లేదు.

ఒకటి, టైము రాసిపెట్టండి. పక్షవాతం అయితే మనిషి చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో డాక్టరు మొదట అడుగుతాడు. నోట్లో నీళ్లు, మాత్రలు పొయ్యవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాము కాటు అయితే మంత్రాలకు పోవద్దు, దగ్గరి సర్కారు దవాఖానలో విరుగుడు మందు మొదలు పెట్టించిన తర్వాతే దూరం పోండి.

రెండు, బండి ఎక్కే ముందే పోయే దవాఖానకు ఫోన్ చేయండి. మంచం ఉందా, ఆ రోగానికి డాక్టరు ఈ రోజు ఉన్నాడా, ఆరోగ్యశ్రీ చెల్లుతుందా అని అడగండి. పంపుతున్న డాక్టరు చేత పైడాక్టరుతో మాట్లాడించండి. రెఫరల్ చీటి, స్కాన్ ఫిల్ములు, రక్త పరీక్షల కాగితాలు, ఏ మందు ఎప్పుడు ఇచ్చారో రాసిన కాగితం చేతిలో ఉండాలి. మా దగ్గర స్కాన్ ఫిల్ము లేక హైదరాబాద్‌లో మళ్లీ తీశారు.

మూడు, ఆక్సిజన్ లెక్క చూసుకోండి. ఇది మోటరు, ట్యాంకు లెక్క లాంటిదే. చిన్న సిలిండరును బి టైపు అంటారు, నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. రోగికి నిమిషానికి 5 లీటర్లు పెడితే 5 గంటలు వస్తుంది. 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలే. ముల్లు సగంలో ఉంటే అందులో సగం. డి టైపు పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి ఎన్ని లీటర్లు కావాలో డాక్టరును అడిగి, దారి ఎన్ని గంటలో చూసుకుని, దానికి ఒకటిన్నర రెట్లు ఉందా లేదా చూసి బండి ఎక్కండి. రోడ్డు మీద ఆగితే ఎంత అవుతుందో ఎవరికి తెలుసు?

నాలుగు, కిరాయి ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. తిరుగు ప్రయాణం, ఆక్సిజన్, ఆగి ఉన్న గంటలు అందులో ఉన్నాయా లేవా తేల్చుకోండి. బండిలో శిక్షణ ఉన్న మనిషి ఉంటాడా అని అడగండి. బండి నంబరు ఫోటో తీసి ఇంటికి పంపండి. రోగి వెంట ఒకరు, ఫోన్లు చేయడానికి ఒకరు, ఇద్దరు పోవాలి.

తొందర లేని ప్రయాణాలకు రైలు ఉంది. క్యాన్సర్ వైద్యానికి నెల నెలా హైదరాబాద్ పోయేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. దవాఖాన ఇచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే రైల్వే వాళ్లు క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలలో టికెట్ పూర్తిగా ఉచితం చేస్తారు, వెంట వచ్చేవారికి 75 శాతం తగ్గిస్తారు. గుండె ఆపరేషన్‌కు, డయాలసిస్‌కు పోయేవాళ్లకు కూడా రాయితీ ఉంది. పెద్దపల్లిలో, రామగుండంలో రైలు ఆగుతుంది. ఈ సంగతి తెలియక కారు కిరాయిలకు అప్పులు చేస్తున్నారు.

సంఘం తరఫున ప్రతి ఊళ్లో ఇద్దరు యువకులు ఈ పని నేర్చుకోవాలి. ఎరువుల లారీ ఎప్పుడు వస్తుందో మనకు ఫోన్ మీద తెలుస్తోంది. ఏ దవాఖానలో ఏ డాక్టరు ఉన్నాడో కూడా తెలుసుకుని పెట్టుకోవచ్చు. అర్ధరాత్రి ఇంట్లోవాళ్లు ఏడుస్తూ ఉంటారు, ఫోన్లు చేయాల్సింది పక్కవాళ్లే.

మన డిమాండ్లు

పెద్దపల్లి జిల్లాలో 108కు తోడుగా, దూరం పోయే రోగుల కోసమే వేరుగా అంబులెన్సులు పెట్టాలి. అందులో ఆక్సిజన్, శిక్షణ ఉన్న సిబ్బంది ఉండాలి. ఖర్చు జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టు భరించాలి.

ఏ దవాఖానలో మంచం, డాక్టరు, స్కాన్ ఉన్నాయో 24 గంటలు చెప్పే ఫోన్ నంబరు ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు ఒకటి ఉండాలి. రోగిని పంపే దవాఖానే చేర్చుకునే దవాఖానతో మాట్లాడి పంపాలి.

ప్రైవేటు అంబులెన్సులకు కిలోమీటరు లెక్కన ధర నిర్ణయించి, ప్రతి దవాఖాన గేటు ముందు తెలుగులో బోర్డు పెట్టాలి. ఆరోగ్యశ్రీలో చేరిన రోగికి ఆ బండి కిరాయి కూడా పథకంలో కలపాలి.

వచ్చే గ్రామసభల్లో ఈ మూడు డిమాండ్ల మీద తీర్మానం చేసి కలెక్టరుకు ఇద్దాం. దానికి ముందు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు వేద్దాం. జిల్లా ఏర్పడిన 2016 అక్టోబర్ నుంచి మన ట్రస్టులో ఎంత జమయింది, వైద్యానికి ఎంత ఖర్చయింది, గని పక్క మండలాల్లో ఎంత పెట్టారు? జవాబు వచ్చాక లెక్కతోనే మాట్లాడదాం.

పోయిన వారం మా అన్న దగ్గర కూర్చున్నాను. మాట కొంచెం కొంచెం వస్తోంది. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని, "ఆ దినం... బండికి... ఎంతయింది రా?" అని అడిగాడు. ఏడాది దాటింది, ఆయన మనసులో ఇంకా ఆ కిరాయే తిరుగుతోంది. పత్తి అమ్మిన పైసలు ఎటు పోయాయో తెలుసుకోవాలని. నేను చెప్పాను. ఆయన తల తిప్పుకున్నాడు.

చెయ్యి పోయినందుకు బాధపడాల్సిన మనిషి, తమ్ముడికి ఖర్చు పెట్టించానని సిగ్గుపడుతున్నాడు. ఈ సిగ్గు ఆయన పడాల్సింది కాదు. గ్రామసభకు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకువస్తాను. మీరు కూడా మీ ఇంట్లో ఇటువంటి దారి పోయి వచ్చిన మనిషిని తీసుకుని రండి.